సింగిల్ బోర్డు

"ఇకపై ఈ ఊరి కుళాయిలు మనుషుల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడవు!" అని నీటి సరఫరా మంత్రిగారు ప్రకటించారు. ప్రకటిస్తూ అరచేయి పైకెత్తారు. అందులో పచ్చటి రేకులాంటిది ఒకటి ఉంది. వెనక వరసల వాళ్ళకు అది కనపడలేదు. మంత్రిగారు తమను ఆశీర్వదిస్తున్నారనుకుని చప్పట్లు కొట్టారు.

అది సింగిల్ బోర్డు కంప్యూటర్. కంప్యూటరంతా ఒకే బోర్డు మీద ఇమిడి ఉంటుంది కనుక ఆ పేరు. వేళకు వాల్వు తెరిచి వీధులకు నీళ్ళు వదలడం దాని పని. అప్పటిదాకా ఆ పని చేస్తున్న వాల్వు మనిషిని అదే వేదిక మీద ఘనంగా సన్మానించి, అటునుంచటే ఇంటికి పంపేశారు. అతను తిప్పే ఇనప చక్రాన్ని మ్యూజియానికి బహూకరించారు. అభివృద్ధి ఒకసారి అడుగు ముందుకేశాక వెనక్కి చూడకూడదని మంత్రిగారి సిద్ధాంతం.

తర్వాత ఇంజనీరమ్మ మైకు దగ్గరికొచ్చింది.

"బోర్డు వచ్చేసిందండీ. దాన్ని నడపడానికి ఏదో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఎంచుకోవాలి. అంతవరకూ బోర్డు ఖాళీగానే ఉంటుంది."

ఇందులో 'బోర్డు', 'నడపడానికి', 'ఖాళీ' అన్న ముక్కలు మాత్రం జిందాబాద్ చెవిన పడ్డాయి.

జిందాబాద్ పార్టీ కార్యకర్త. అసలు పేరు సంతకం పెట్టేటప్పుడు తప్ప అతనికే గుర్తుండదు. ఊరేగింపులో ఎవరు నినాదం ఎత్తుకున్నా, రెండో సగం అతనిది. ఎత్తుకున్న గొంతును బట్టే దానికి జిందాబాద్ పలకాలో, డౌన్ డౌన్ పలకాలో అతనికి తెలిసిపోతుంది. జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, అసలు జుట్టే లేకుండా పోయేదాకా అరిచాడు. గొంతు బొంగురుపోయింది గానీ పదవి రాలేదు.

భార్య మంచిదే, తన బావగారి ప్రస్తావన రానంతవరకూ. "మా బావగారికి గ్రంథాలయాల బోర్డు ఇచ్చారు. ఆయన జన్మలో పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. మీకేం తక్కువండీ? మీరూ తెరవలేదుగా!" అనేది. ఆ మాట అతన్ని నిలువునా కోసేది. చచ్చేలోగా బల్ల మీద తన పేరున్న బోర్డు ఒక్కటి చూసుకోవాలి. కోరికల్లా అదే.

సభ ముగియగానే మంత్రిగారి కారుకు అడ్డంపడ్డాడు.

"అన్నా, కొత్త బోర్డు ఖాళీగా ఉందట. ఈసారీ నన్ను కాదంటే నేనేమైపోవాలి?"

బోర్డన్నాక ఛైర్మన్ ఉండాలన్న సంగతి మంత్రిగారికీ అప్పుడే తట్టింది.

"సింగిల్ బోర్డయ్యా అది. మెంబర్లుండరు. నువ్వొక్కడివే. లాక్కురాగలవా?"

"మెంబర్లు లేకపోతే ఇంకా మంచిదన్నా. అసమ్మతి ఉండదు."

"శభాష్! ఆ సిస్టమేదో తేల్చేదాకా బోర్డు నీదే. తేలగానే రద్దు." మంత్రిగారు పీఏ వైపు తిరిగి, "బోర్డు మీద ఈయన పేరు రాయించి, బల్ల మీద పెట్టించు," అన్నారు.

మంత్రిగారి మాటను అక్షరం పొల్లుపోకుండా అమలు చేస్తాడని పీఏకు మంచి పేరుంది.

ఛైర్మన్ అయినవారిని 'అన్నాడు, చేశాడు' అనడం బాగుండదు కనుక, ఇకమీదట 'అన్నారు, చేశారు' అందాం. ఛైర్మన్‌గారికి నీటి సరఫరా ఆఫీసులో, పాత మీటర్లు పడేసే గది ఖాళీ చేసి ఇచ్చారు. మంత్రిగారు వేదిక మీద చూపించిన కంప్యూటర్ తాలూకు మఖమల్ పెట్టెను తెచ్చి బీరువాలో పెట్టారు. భద్రత దృష్ట్యా ఛైర్మన్‌గారు దాన్ని తెరవకుండానే తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నారు.

మొదటి రోజే ఇంజనీరమ్మ వచ్చింది.

"ఇది చిన్న ప్రాణి సార్. మన ఆఫీసులో వాడే పెద్ద సిస్టమ్ వేస్తే ఆయాసపడుతుంది. తేలికపాటిది చాలు. స్క్రీను కూడా అక్కర్లేదు. హెడ్‌లెస్ అంటాం."

"అంటే?"

"అంటే... తల లేనిదని."

ఛైర్మన్‌గారి మొహం ఎర్రబడింది. "నేనింత తలకాయ ఉండగా తలకాయ లేనిదెందుకమ్మా?"

"పోనీ, స్క్రీను ఉన్నదే చూద్దాం సార్. ఇది ఓపెన్ సోర్స్. లోపల ఏం జరుగుతోందో ఎవరైనా చూసుకోవచ్చు."

"ప్రభుత్వంలో అలాంటి అలవాట్లు చేస్తారా ఎవరైనా? ఇంకోటి చెప్పు."

"ఇది స్టేబుల్ వర్షన్. ఏళ్ళతరబడి మారదు."

"పార్టీ ఫిరాయించదన్నమాట. బాగుంది."

"పైగా దీని వెనక పెద్ద కమ్యూనిటీ ఉంది సార్."

ఛైర్మన్‌గారు కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించారు. "ఏ కమ్యూనిటీ?"

ఇంజనీరమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది. "అన్ని రకాలవాళ్ళూ ఉంటారు సార్."

"అందరూ ఉంటే ఇక మనవాళ్ళని ఎవర్ననుకోవాలి? కుదరదు."

మర్నాడు బల్ల మీదికి పేరు బోర్డు వచ్చింది. పచ్చరంగు మీద తెల్లటి అక్షరాలు, నాలుగు మూలలా నాలుగు కన్నాలు. బావగారి బోర్డుతో పోలిస్తే మరీ చిన్నదని కాస్త చివుక్కుమన్నా, పేరు మాత్రం తనదే. వచ్చేవాళ్ళు చదువుకోవాల్సిన దాన్ని ఆయన తనవైపు తిప్పి పెట్టుకున్నారు. భార్యను పిలిపించి చూపించారు. ఆమె అరచేత్తో దాన్ని తుడిచి, "అక్కయ్యకు ఫోన్ చేస్తానుండండి," అంది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె గొంతులో అంత ప్రేమ ఆయన వినలేదు. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ తర్వాత బోర్డు సమావేశాలు క్రమం తప్పకుండా జరిగాయి. కోరం లేదన్న మాట ఎన్నడూ రాలేదు. ఛైర్మన్‌గారే ప్రతిపాదించేవారు, ఆయనే బలపరిచేవారు. తేలిక సిస్టమ్ వైపు మొగ్గు కనపడగానే ఆయనే అడ్డం తిరిగేవారు. ఒకసారి వాదన ముదిరి నిరసనగా వాకౌట్ చేసి, వరండాలో టీ తాగి, తనను తానే బుజ్జగించుకుని లోపలికొచ్చారు. చివరికి ఎంపికను పై సమావేశానికి వాయిదా వేస్తూ ఏకగ్రీవంగా తీర్మానించేవారు. సిస్టమ్ తేలిన మరుక్షణం బోర్డు రద్దవుతుందనీ, బల్ల మీది పేరు కాస్తా పోతుందనీ ఆయన మరిచిపోలేదు.

ఈలోగా కుళాయిలు ఎండిపోయాయి. వాల్వు మనిషి ఇంటి అరుగు మీద కూర్చుని, చక్రం ఇప్పిస్తే ఇప్పుడే తిప్పుతానన్నాడు. చక్రాన్ని ముట్టుకోరాదని మ్యూజియంవాళ్ళు రాసిపెట్టారు.

"ఏమండీ, నీళ్ళ సంగతేం చేశారు?" అంది భార్య, ఖాళీ బిందె ఆయన ముందు పెట్టి.

"పరిశీలనలో ఉంది."

"పరిశీలన పోసి అన్నం వండనా?"

"ఇంట్లో నేను మొగుణ్ణేనే. ఛైర్మన్‌తో పనుంటే ఆఫీసుకొచ్చి మాట్లాడు."

"వస్తాను లెండి," అందామె. అన్నట్టే వచ్చింది, వీధిలోని ఆడవాళ్ళందర్నీ, వాళ్ళ ఖాళీ బిందెల్నీ వెంటేసుకుని.

కిటికీలోంచి ఆ గుంపును చూడగానే ఛైర్మన్‌గారు కుర్చీలోంచి లేచిపోయారు. ఇంజనీరమ్మను పిలిపించారు.

"ఏదో ఒకటి వేసెయ్యమ్మా! తలకాయ లేనిదైనా సరే. పదవి పోతే పోనీ!"

"ఎంతసేపు సార్, ఇప్పుడే అయిపోతుంది. పెట్టె ఇవ్వండి."

బీరువా తెరిచారు. పెట్టె తెరిచారు. లోపల మఖమల్ గుడ్డ ఒక్కటే ఉంది.

ఇంజనీరమ్మ గదంతా కలియజూసింది. ఆమె చూపు బల్ల మీదికి వచ్చి ఆగిపోయింది. పేరు బోర్డును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. మూల కన్నాల్లోంచి వెలుతురుకేసి చూసింది.

"ఇదెవరు చేశారు సార్?"

"పెయింటరు. పీఏ పంపించాడు. రేకు నిండా ఏవో బొడిపెలుంటే అన్నీ చెక్కేసి, నున్నగా చేసి మరీ రాశాట్ట. పనిమంతుడు."

ఇంజనీరమ్మ ఆ పేరు బోర్డును మఖమల్ గుడ్డ మీద పెట్టి, పెట్టె మూత వేసింది.

"సింగిల్ బోర్డు ఛైర్మన్!" బయటినుంచి భార్య గొంతు ఖంగున లేచింది.

మిగతా ఆడవాళ్ళకు నినాదాలు కొత్త. ఎవరందుకోవాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నినాదం సగంలో ఆగిపోయింది. అలా ఆగిపోవడం జిందాబాద్ జన్మలో ఎన్నడూ చూస్తూ ఊరుకోలేదు.

"డౌన్ డౌన్!" అని కిటికీ అద్దాలు అదిరేలా అరిచాడు.