రానివాళ్లకే హాజరు

బీ.ఎడ్. కాలేజీలో పాఠాలు చెప్పకపోవడం కంటే గొప్ప విద్యాసేవ ఇంకొకటి లేదు! నవ్వకండి. పంతులు కాబోయేవాడు ఏడాదిపాటు ఇంకో పంతులు ముందు కూర్చుని ఆవలించాలా? ఆ ఏడాది వాడికి మిగిల్చి, చేతిలో పట్టా పెట్టి పంపుతున్న మహానుభావులను పట్టుకుని దొంగలంటారా? కళ్లు పోతాయి!

'నాన్ అటెండింగ్' అని ఒక దివ్యమైన ఏర్పాటుంది. మామూలు ఫీజు మీద ఇంకొంత కడితే కాలేజీకి రానక్కర్లేదు. హాజరు దానంతటదే పడుతుంది. రికార్డులు రాసిపెట్టేవాళ్లు రాసిపెడతారు. దుబాయి సూపర్‌మార్కెట్లో బిల్లులు కొడుతూ ఇక్కడ తొంభై శాతం హాజరు సంపాదించినవాళ్లున్నారు. పురిటి మంచం మీంచి లేవకుండా నలభై రోజుల టీచింగ్ ప్రాక్టీసు పూర్తిచేసిన మహాతల్లులున్నారు. లలిత్ అనే పెళ్లికొడుకు అన్నవరంలో తాళి కడుతున్న ముహూర్తానికే గగన్‌పహాడ్‌ కాలేజీలో బాలల మనస్తత్వం మీద సెమినార్ ఇచ్చాడు. యోగులకైనా సాధ్యమా?

ఇంత సుఖాన్ని కాలదన్నుకున్న పిల్ల ఒకతె ఉంది. తొండుపల్లి కుర్మయ్య కూతురు సంతోషి. ఊళ్లోని చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి లెక్కలు చెప్పేది. ఎంత గొంతు చించుకున్నా పిల్లల బుర్రకు భాగహారం ఎక్కడం లేదని ఆమె బాధ. పైగా, బీ.ఎడ్. లేకపోతే వచ్చే ఏడు ఉంచుకోమని బడివాళ్లు చెప్పేశారు.

ఎయిర్‌పోర్టు వచ్చి అప్పటికి మూడేళ్లు. ఒకప్పుడు జొన్న వేసిన నేలలోనే కుర్మయ్య ఇప్పుడు ఎయిర్‌పోర్టువాళ్ల గడ్డి కత్తిరిస్తున్నాడు. ఆ జీతంతో వేసిన చిట్టీ పాడి, కూతురిని గగన్‌పహాడ్‌లో బకెట్ల ఫ్యాక్టరీ పక్కనున్న కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటులో చేర్చాడు.

చేరిన మర్నాడే ఆ పిల్ల, ఉన్న ఉద్యోగం మానుకుని మరీ, టిఫిన్ బాక్సూ నోటుబుక్కూ పట్టుకుని కాలేజీకి వచ్చేసింది! తెలివితక్కువతనం కాకపోతే ఏమిటి?

ఆఫీసులో కామాక్షి గారు కంగారుపడిపోయారు.

"ఏమ్మా, రసీదు ఏమైనా తప్పు పడిందా?"

"లేదు మేడం. క్లాసు ఏ రూముల?"

"క్లాసా! అయ్యో, నువ్వు నాన్ అటెండింగ్ కట్టలేదా?"

"కట్టలే. నేర్సుకుందామనే వచ్చిన. పిల్లలకు భాగహారం ఎట్ల జెప్పాల్నో జర తెల్సుకోవాలె."

కాలేజీ పుట్టాక అలాంటి కోరికతో వచ్చిన మనిషిని కామాక్షి గారు చూడలేదు. జాలిపడి ఒక గది తలుపు తీసి ఫ్యాను వేశారు. ఆనాటి నుంచి సంతోషి రోజూ పొద్దున్నే బస్సెక్కి రావడం, ఆ ఖాళీ గదిలో కూర్చోవడం, సాయంత్రం వెళ్లిపోవడం. ఆర్నెల్లు! లైబ్రరీ బీరువాలో ఉన్న పదకొండు పుస్తకాలూ రెండేసిసార్లు చదివేసింది. ఫ్యాక్టరీవాళ్లు ఆమెను వాచ్‌మన్ కూతురనుకున్నారు.

ఇంతలో తనిఖీ వచ్చిపడింది. కరస్పాండెంటు నరసరాజు గారు కార్యశూరుడు. టెంట్‌హౌస్ నుంచి కుర్చీలనూ, బకెట్ల ఫ్యాక్టరీ నుంచి ముప్పై మంది విద్యార్థులనూ తెప్పించారు. కిరాయి లెక్చరర్ మాత్రం ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. రాజుగారి చూపు సంతోషి మీద పడింది.

"అమ్మాయీ, చీర కట్టుకొచ్చావు కదా. ఆ బోర్డు దగ్గర నిలబడి ఏదో ఒకటి చెప్పు. మన పరువు నీ చేతిలో ఉంది."

తనిఖీ అధికారి లోపలికి వచ్చేసరికి ఆమె ఇంకా సుద్దముక్క వెతుక్కుంటోంది. ఆయన కోసం టేబుల్ మీద పెట్టిన బిస్కెట్ల ప్లేటు కనిపించింది. అంతే, దాన్ని అందుకుని ముందు కుర్చీలో విద్యార్థిగా కూర్చున్న ఫ్యాక్టరీ కూలీ బాలమల్లు చేతిలో పెట్టింది.

"అన్నా, ఇవి ఇరవై. ముందు వరుసల మీరు ఆరుగురు. కొట్లాట రాకుంట పంచు."

బాలమల్లు ఒక్కొక్కటే పంచాడు. మనిషికి మూడు వచ్చాయి.

"రెండు మిగిలినయక్కా."

"అదే శేషం."

బాలమల్లు నోరు తెరిచాడు. "గిదేనా భాగారం! మా సారు గిట్ల జెప్తె నేను రెండో తరగతిల బడి ఇడిశేటోన్నా?"

రాజుగారికి ముచ్చెమటలు పోశాయి. అధికారి విననట్టు ఊరుకున్నారు. అలా వినకుండా ఉండటంలో ఆయనకు బోలెడు అనుభవం ఉంది. శేషం రెండూ నోట్లో వేసుకుని, "చక్కగా చెప్పారమ్మా, ఎక్కడ చదివారు?" అన్నారు.

"ఈడనే సార్."

అబద్ధం కాదు కదా! ఆయన మురిసిపోయి, అధ్యాపకులు భేష్ అని రాసి, కాలేజీకి ఇంకో వంద సీట్లు సిఫారసు చేశారు. సంతోషికి సీట్ల సంగతి పట్టలేదు. భాగహారం ఎలా చెప్పాలో తెలిసిందన్న సంబరంతో ఇంటికి పోయింది.

హాల్‌టికెట్ల రోజు తండ్రితో కలిసి వచ్చింది. కామాక్షి గారు తల ఎత్తలేదు.

"నీకు హాజరు సున్నా అమ్మా. ఫైను పడుతుంది."

"సున్నా ఎట్లయితది? నా బిడ్డ దినాం వచ్చింది గద సారూ!" అన్నాడు కుర్మయ్య, పక్క కుర్చీలో ఉన్న నరసరాజు గారితో.

నరసరాజు గారు ఓపిగ్గా వివరించారు. "రావడమే పొరపాటండీ. రానివాళ్లకి ఫీజు కట్టగానే హాజరు వేసేస్తాం. వచ్చినవాళ్లకి క్లాసు జరిగితేనే వెయ్యాలి. రూలు రూలే! జరిగిందేమో ఒక్క క్లాసు. ఆ రోజు మీ అమ్మాయి సంతకం లెక్చరర్ల రిజిస్టరులో ఉంది. ఇప్పటికైనా ఫైనుతోబాటు నాన్ అటెండింగ్ ఫీజు కట్టేస్తే హాజరు పడిపోతుంది."

ఎంత ధర్మం! వేలెత్తి చూపడానికి సందుందా?

"పరీక్ష రాయకుంటె బడిల గూడ రానియ్యరు బాపూ," అంది సంతోషి. కుర్మయ్య తువ్వాలు ముడి విప్పి నాన్ అటెండింగ్ ఫీజూ, ఫైనూ రెండూ కట్టాడు. అరనిమిషంలో సంతోషికి తొంభై రెండు శాతం హాజరు పడింది.

రసీదు అందుకుని కూడా ఆయన కదల్లేదు.

"సారూ, రాకుంట ఉండేతందుకు గింత అన్నరు, కట్టిన. వచ్చినందుకు ఫైనన్నరు, అదీ కట్టిన. మరి నా బిడ్డకు ఈడ చదువు చెప్పాల్నంటె ఎంత కట్టాలె? గదొక్కటి జెప్పుండ్రి."

రాజుగారు కామాక్షి గారి వంక చూశారు. ఆవిడ రసీదు పుస్తకాన్ని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పారు. పాపం, ఎంత వెతికినా ఆ పద్దు కనిపించలేదు.