రెక్క మీద పెన్సిల్ గీత

ఆ రోజు పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. తను పనిచేసే విమానాల కర్మాగారం మామగారికి చూపించాలి, తను చేసిన రెక్క రేకుకు తనిఖీ అధికారి చేత ముద్ర వేయించుకోవాలి, మధ్యాహ్నానికల్లా సూపర్‌వైజర్ అయిపోవాలి. కుటుంబాలను లోపలికి రానిచ్చేది ఏడాదికి ఒక్క రోజు. అది సరిగ్గా తనిఖీ రోజే వచ్చింది.

మామగారు వడ్రంగి. నలభై ఏళ్లు గుమ్మాలు, కిటికీలు నిలబెట్టిన మనిషి. కూతురింటికి వచ్చి వారం కాకముందే మంచం కోళ్లు సరిచేశారు, అలమారా తలుపులు పీకి మళ్లీ బిగించారు, అల్లుడు గోడకు కొట్టిన మేకులన్నీ మారు మాట్లాడకుండా ఊడదీశారు.

"దీన్ని టేకుతో చేస్తే పోలా?" అన్నారు షెడ్డులో అడుగు పెట్టగానే, రెక్క రేకును తట్టి చూసి.

"మొదట్లో చెక్కతోనే చేసేవారు మామయ్యా. తడికి ఉబ్బుతుంది, పుచ్చిపోతుంది. ఇనుము గట్టిదే గానీ మహా బరువు. అందుకే అల్యూమినియం. కాస్త రాగి కలిపితే బలం వస్తుంది. పైన ఏమీ కలపని అల్యూమినియం పొర పల్చగా ఉంటుంది, లోపలిది పాడవకుండా."

"ఇంజను దగ్గర కూడా ఇదేనా?"

"ఆ వేడికి ఇది మెత్తబడిపోతుంది. అక్కడ టైటానియం."

"ఖరీదైన గిన్నెలన్నమాట," అని తేల్చేశారు మామగారు.

అల్లుడు తనిఖీ కాగితం మీద సంతకం పెట్టడానికి అటు తిరిగాడు. రెండు నిమిషాలే. ఇటు తిరిగేసరికి మామగారు చెవి మీది పెన్సిల్ తీసి, రేకు మీద జానెడు గీత గీసి, పక్కన ఇంత లావు ఇంటూ మార్కు కూడా పెట్టేశారు.

అల్లుడు ఒక్క గెంతులో వచ్చి పడ్డాడు. "మామయ్యా! పెన్సిలా!"

"మరి దేంతో గీస్తారు?"

"పెన్సిల్లో ఉండేది గ్రాఫైట్! అది అల్యూమినియం మీద పడి, దానికి తడి తోడైతే బ్యాటరీ పెట్టినట్టే. గీత పొడుగునా రేకును తినేస్తుంది. ఇక్కడ పెన్సిల్ నిషిద్ధం మామయ్యా!"

"ఓస్, ఇంతేనా!" అని మామగారు బొటనవేలు నాలుకకు అద్దుకుని గీతను గట్టిగా రుద్దారు.

"తడి! తడే వద్దంటున్నా!"

ఆ కేకకు పక్క బల్ల మెకానిక్ హడలిపోయి ప్రమాద గంట కొట్టాడు. గంట విని మంటలనుకున్నారు. చుట్టాలు పిల్లల్ని చంకనేసుకుని గుమ్మంవైపు పరుగెత్తారు, ఒకాయన మంటలార్పే సిలిండరుతో ఎదురొచ్చాడు. ఆ సందట్లో మామగారు జేబులోంచి గరుకు కాగితం తీసి, "కంగారుపడకు అల్లుడూ, నేనున్నాగా," అంటూ రేకును నున్నగా తోమేశారు. పై పొర కాస్తా పొడై రాలింది, గీత జాడ మాత్రం మసగ్గా మిగిలింది.

తనిఖీ అధికారి అప్పుడే వచ్చాడు.

"ఎవరి నిర్వాకం ఇది?"

"మా మామగారండీ. కాదు, నాదేనండీ," అన్నాడు అల్లుడు.

నష్టం ఎంతో రాసుకుందామని అధికారి కొలబద్ద పెట్టాడు. కొలిచాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ కొలిచాడు. కొలబద్ద పక్కన పెట్టి మామగారివైపు తిరిగాడు.

"పెద్దాయనా, ఇక్కడే ఎందుకు గీశారు?"

"రేకును బిగించే రివెట్ల కోసం పెట్టిన రంధ్రాలు చూడండి. చివర ఆరూ అంచువైపు జరిగాయి. చెక్కకైతే అలాంటి చోట మేకు కొట్టగానే చీలుతుంది. అది చెబుదామంటే మావాడు పెన్సిలూ పెన్సిలూ అని ఒకటే గోల!"

రేకు రెక్కకు ఎక్కి ఉంటే, ఆ అంచు గాల్లో చీలేది. రంధ్రాలు వేసింది అల్లుడే. ఒకటికి రెండుసార్లు చూసుకున్నానన్నదీ అతనే. విమానంలో కూర్చోబోయే మనుషులు కళ్ల ముందు మెదిలి, అతను పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

రేకు తుక్కులోకి వెళ్లింది. అధికారి మామగారి చేతులు రెండూ పట్టుకున్నాడు.

"రేపటి నుంచి తనిఖీకి రాగలరా? పెన్సిల్ లేకుండా."

అల్లుడు సూపర్‌వైజర్ కాలేదు గానీ, ఇంట్లోనూ షెడ్డులోనూ అతనికి పైఅధికారి మాత్రం ఒక్కరే అయ్యారు.