అన్ని వైపులా కాసిన అలుగు

ఒక పెద్ద అడవిలో, పట్టపగలు, వెయ్యి కళ్ల ముందు ఫుట్‌బాల్ ఆట జరిగింది. మీరూ గట్టు మీద కూర్చుని ఉన్నారు. అటూ ఇటూ చూడకండి, మిమ్మల్నే అడుగుతున్నది. ఏం చూశారు? గోలు చూశారా? సంతోషం. ఆ గోల్లో పడిన బంతిని చూశారా?

నీళ్లు నమలకండి. మరిచిపోయుంటే గుర్తు చేస్తాను, వినండి.

ఆ అడవిలో అడవిపందులకు ఒక జట్టు, దుప్పులకు ఒక జట్టు ఉండేవి. వానలకు ముందు రోజుల్లో సరదాకి ఆడుకునేవాళ్లు. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకి తునికిపళ్లు పెట్టేవాళ్లు. అంతటితో సరి.

తర్వాత నక్క జంబన్న వచ్చాడు. మైదానానికి మూడు మూలల్లో మూడు పందెం కొట్లు లేచాయి. ఒకదాంట్లో జంబన్న, ఒకదాంట్లో ముంగిస, ఒకదాంట్లో దుమ్ములగొండి. పందెం సరుకు ఎండు ఇప్పపువ్వు. దాన్ని వద్దనే జంతువు ఆ అడవిలో లేదు. మానికతో కొలిచి పోస్తే, మోదుగాకు మీద గోటితో గీసి చీటీ ఇచ్చేవాళ్లు.

కొట్ల ముందు పొద్దున్నుంచీ ఒకటే కేక.

"రండి బాబూ, రండి! పది మానికల దాకా మీరెంత కాస్తే అంతకి ఇంకో చీటీ ఉచితం! ఊరికే! ఉత్తినే!"

నక్క ఎదురైతేనే దారి మార్చుకున్న తాతల మనవలు, నక్క ఊరికే ఇస్తున్నాడనగానే వరస కట్టారు. సిగ్గు పడాల్సిన వరస అది. అందులో తోసుకోవడాలు కూడా.

ఆ వరసలో నిలబడకుండా దూరంగా కూర్చుని నేల మీద గీతలు గీసుకున్నవాడు ఒక్కడే, అలుగు గుండప్ప. తల నుంచి తోక దాకా పొలుసులు. భయమేస్తే ముడుచుకుని గుండ్రంగా చుట్టుకుంటాడు, ఇక పులి పన్ను కూడా దిగదు. ఆ పొలుసులతో పాటే అతని తలకి ఒక పొగరు కూడా మొలిచింది. "లోకంలో అందరికీ ఏదో ఒక వైపు తెరిచే ఉంటుంది. నాకు తెరిచి ఉన్న వైపంటూ లేదు" అనేవాడు.

అతని పెళ్లాం ఈరమ్మ అప్పుడు నిండు చూలాలు. వరద అందని మెరక మీద, రెండేళ్లు గోళ్లు అరగదీసుకుని తవ్విన బొరియ ఆమెది. వానలు పడేలోపు అందులోనే పురుడు పోసుకోవాలని ఆమె ఆశ.

"ఏమే ఈరీ, ఆటకి ఎన్ని ఫలితాలుంటాయి?" అన్నాడు గుండప్ప ఒక పొద్దున.

"నాకేం తెలుసు? ఆ తూర్పు పుట్టలో చెదలు బాగా పట్టాయి, అది తెలుసు. వెళ్లి తెస్తావా?"

"మూడే మూడు. పందులు గెలవాలి, దుప్పులు గెలవాలి, లేదంటే సమానం కావాలి. కొట్లు కూడా మూడున్నాయి. ఒక్కో కొట్లో ఒక్కో ఫలితం మీద కాశాననుకో, ఏదో ఒకటి తగలక చస్తుందా?"

"రెండు పోక చస్తాయా?"

"పోనీ! సొంతంగా కొట్టుకి పది చొప్పున ముప్పై మానికలు పోస్తే, తగిలిన కొట్లో ఇరవై ఏడు తిరిగొస్తాయి. పోయింది మూడు. కానీ ఆ ముప్పైకీ మూడు ఉచిత చీటీలు ఇస్తారు. వాటినీ అలాగే మూడు వైపులా కాస్తాను. ఉచిత చీటీ తగిలితే కాసిన అసలు ఇవ్వరు, లాభం ఒక్కటే చేతిలో పెడతారు. అయినా పదిహేడు వస్తుంది. మూడు పోయి పదిహేడు వస్తే ఎంతే?"

"పద్నాలుగు. ఆ పద్నాలుగు ఎవడి గాదె లోంచి వస్తుంది?"

"నక్క గాదె లోంచి!"

ఈరమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "నక్క నష్టపోవడానికి కొట్టు పెట్టాడంటావు? మూడు కొట్ల చీటీలూ చూశాను. మూడింటి తొడిమా ఒకే పంటితో కొరికి ఉంది. ముగ్గురూ కాదయ్యా, ఒక్కడే."

"నువ్వు తవ్వడం చూసుకో. లెక్క నాకొదిలెయ్."

వానాకాలానికి దాచిన ముప్పై మానికలు ఎత్తుకెళ్లాడు. చెప్పినట్టే నలభై నాలుగు తెచ్చాడు! జంబన్న ఒక్క పువ్వు తక్కువ కాకుండా కొలిచి పోశాడు. పైగా రెండు చేతులూ జోడించాడు. "నీలాంటి బుర్ర అడవికి ఒక్కటే ఉంటుంది బావా. నా కొట్టు మూయించేలా ఉన్నావు."

ఎర మింగిన చేపకి కూడా ఇంత మర్యాద జరగదు.

ఇక గుండప్ప కాలు నేల మీద ఆనలేదు. మొద్దెక్కి పాఠాలు మొదలుపెట్టాడు. కుందేళ్లు, ఉడుతలు, కొండముచ్చులు కింద కూర్చుని తలలూపేవి. దారిన పోతున్న గంటాలు అనే ముసలి పంది తన చీటీ చేత్తో పట్టుకుని కనిపిస్తే, గుండప్ప పకపకా నవ్వాడు.

"ఏం మామా, మళ్లీ మీ వాళ్ల మీదే కాశావా?"

"మా పిల్లలు ఆడుతుంటే ఇంకెవరి మీద కాస్తానురా?"

"అది జూదం మామా. నాది జూదం కాదు, లెక్క. ఎవరు గెలిచినా నాకొకటే."

గంటాలు ముట్టె ఎత్తాడు. "ఎవరు గెలిచినా నవ్వూ లేదు, ఎవరు ఓడినా ఏడుపూ లేదు. మరి ఆట దగ్గరికి ఎందుకొస్తున్నావురా, గాలి పీల్చుకోడానికా?"

కింద కూర్చున్నవాళ్లు ముసలాణ్ణి చూసి నవ్వారు. మీరూ నవ్వారు. నాకు గుర్తుంది.

ఆఖరి ఆట వారం ఉందనగా జంబన్న కొత్త కేక వేయించాడు. "ఈసారి హద్దు లేదు! ఎంత కాస్తే అంత ఉచితం!" ఆ రాత్రి గుండప్పకి నిద్ర లేదు. తెల్లారి నక్క కొట్టుకి వెళ్లి, పెళ్లానికి ఒక్క మాట చెప్పకుండా, మెరక మీది బొరియ, లోపలున్న ఇప్పపువ్వుతో సహా తాకట్టు పెట్టాడు. తొంభై మానికలు తీసుకున్నాడు. ఆట రోజు పొద్దుగూకేలోపు తీర్చాలి. తీర్చకపోతే బొరియ నక్కది.

తొంభైనీ మూడు కొట్లలో మూడు వైపులా పోశాడు. మూడు ఉచిత చీటీలు తీసుకుని వాటినీ మూడు వైపులా కాశాడు. ఏది జరిగినా తొంభై తీర్చి, నలభై పైగా ఇంటికి తేవాలి. చీటీల వెనక చీమల బారులా సన్నటి అక్షరాలున్నాయి. చీమ కనిపిస్తే మూరెడు నాలుక చాచేవాడు, ఆ బారు జోలికి మాత్రం పోలేదు.

ఆట మొదలైంది. తీర్పరి కొంగ. ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంటాడు కాబట్టి పక్షపాతం ఉండదని అడవి మండలి నమ్మకం. ఆ ఏడాది బంతుల కోసమని మండలి పన్నెండు సొరకాయలు మంజూరు చేసింది. పదకొండు లేతగా ఉండగానే అధ్యక్షుడు ఎలుగ్గొడ్డు ఇంట్లో కూరయ్యాయి. మిగిలిన ఒక్కటీ ఎండి, దానికి అడ్డతీగ చుడితే బంతి అయింది.

రెండు జట్లూ ఒక్క గోలూ వేయలేదు. పొద్దు చెట్ల మీదకి వాలుతోంది. అప్పుడు ఒక కుర్రపంది బంతిని తలతో కొట్టబోయి కోరతో కొట్టాడు. ఫట్‌మంది. సొరబుర్ర రెండు చెక్కలు.

కొంగ ఒక కన్ను తెరిచాడు. "ఇంకో బంతి?"

ఎలుగ్గొడ్డు గొంతు సవరించుకుని ఆకాశం వైపు చూశాడు.

"బంతి లేనిదే ఆట లేదు" అన్నాడు కొంగ.

జంబన్న కొట్టెక్కి చీటీ వెనక్కి తిప్పి చదివాడు. "ఆట ఆగిపోతే సొంత చీటీలు వచ్చే ఏటి ఆటకి బదిలీ. ఉచిత చీటీలు రద్దు. వెనక రాసే ఉంది, చూసుకోండి."

గుండప్ప మళ్లీ లెక్క చూసుకున్నాడు. పందులు గెలిస్తే ఉంది. దుప్పులు గెలిస్తే ఉంది. సమానమైతే ఉంది. ఎవరూ ఏమీ కాకపోతే? ఆ వైపు కాయలేదు. వచ్చే ఏడు ఎప్పుడొస్తుంది? అప్పు గడువు ఈ పొద్దు గూకేదాకానే.

కొంగ కాళ్ల మీద పడదామని మైదానంలోకి పరుగెత్తాడు. సగం దూరం పోయేసరికి నడినెత్తిన ఉరిమింది. భయమేస్తే అలుగు జాతికి తెలిసింది ఒక్కటే పని. చుట్టుకున్నాడు.

"అదిగో బంతి!" అన్నాడు కుర్రపంది. ఒక్క తన్ను తన్నాడు.

విప్పుకుని ఒక్క కేక వేస్తే చాలు, అంతా ఆగిపోయేది. గాలిలో దొర్లుతూ గుండప్ప ఆలోచించాడు. కేక వేస్తే ఆట ఆగుతుంది. ఆట ఆగితే బొరియ పోతుంది. పళ్లే లేని ఆ నోటిని గట్టిగా మూసుకున్నాడు.

ఇక చూడాలి! పందుల ముట్టెలు, దుప్పుల డెక్కలు. ఇటు ఒక పొలుసు ఊడింది, అటు రెండు. గట్టు మీద అడవంతా లేచి నిలబడి అరుస్తోంది. ఆ అరుపుల మధ్య ఒక గొంతు వేరేగా వినబడింది.

"ఆపండర్రా! అది బంతి కాదు! మా ఆయన!"

ఈరమ్మ. పొట్ట పట్టుకుని గట్టు దిగబోతోంది. వెనక నుంచి కొండముచ్చు తోక పట్టి లాగాడు.

"కూచోవమ్మా! నువ్వు నిలబడితే మాకు కనపడటం లేదు!"

"నీకు కళ్లున్నాయా అన్నా? ఆ రక్తం చూడు!"

"చూస్తున్నా తల్లీ, చూస్తున్నా. దుప్పుల మీద ఇరవై కాశాను, చూడక చస్తానా?"

దుప్పుల నాయకుడు కొమ్ములు ఆనించి ఒక్క ఊపు ఊపాడు. గుండప్ప ఎగిరి తీగల వల చించుకుని అవతల పడ్డాడు. గోల్! కొంగ ఈల వేశాడు. దుప్పులు ఒకటి, పందులు సున్నా.

గుండప్ప మెల్లగా విప్పుకున్నాడు. ఒక కన్ను తెరుచుకోవడం లేదు. అయినా ఆ వాచిన మూతి మీద నవ్వు! కుంటుకుంటూ కొట్టు దగ్గరికి వెళ్లి దుప్పుల చీటీలు రెండూ బల్ల మీద పెట్టాడు.

"ఇలా కొలువు బావా. పొద్దు ఇంకా గూకలేదు."

జంబన్న చీటీ తిరగేశాడు. ఆఖరి వరస మీద గోరు పెట్టాడు. "ఆటలో పాలుపంచుకున్నవాడి చీటీలు చెల్లవు. సొంతవీ, ఉచితవీ."

"నేను ఆడలేదయ్యా! నన్ను ఆడారు!"

"అబ్బ, ఎంత బాగా చెప్పావు బావా. మండలికి చెప్పుకో."

మండలి అక్కడికక్కడే విచారణకి కూర్చుంది. గుండప్ప చేతులు జోడించి గట్టు వైపు తిరిగాడు. "మీరంతా చూశారు. నేను ఆటగాణ్ని కాదు, బంతిని. ఒక్క మాట చెప్పండి చాలు."

గట్టు మీద గుసగుసలు లేచాయి. బంతి సరైనది కాదని తేలితే గోలు చెల్లదు. గోలు చెల్లకపోతే దుప్పుల మీద కాసినవాళ్ల చీటీలు చెల్లవు. పందుల మీద కాసినవాళ్లు మాట్లాడొచ్చు కదా అంటారా? వాళ్లకి అప్పటికే జంబన్న తలకొక ఉచిత చీటీ పంచాడు, వచ్చే ఏటికి.

కొండముచ్చు ముందుకొచ్చాడు. "బంతి సొరబుర్రే. ఈయన మధ్యలో మైదానంలోకి దూకాడు. కళ్లారా చూశాను."

"మేమూ చూశాం" అన్నాయి కుందేళ్లు, నిన్నటిదాకా మొద్దు కింద పాఠం విన్నవే.

"నేను చూశాను, బంతి వీడే!" అని లేచాడు ముసలి గంటాలు. "ఓడినవాడి కడుపుమంట" అని కూర్చోబెట్టారు. గోలు కాగితంలో బంతి పేరు రాసే గడి లేదని కొంగ చెప్పాడు. ఎలుగ్గొడ్డు తీర్పు చెప్పి భోజనానికి వెళ్లాడు.

పొద్దుగూకింది. మెరక మీది బొరియ వాకిట్లో జంబన్న నాలుగో కొట్టు తెరిచాడు.

తొలివాన కూడా అప్పుడే దిగింది. వాగు పక్క పల్లంలో, నిలవని బురదలో, పొట్ట నేలకి రాసుకుంటుంటే ఈరమ్మ అరిగిన గోళ్లతో మళ్లీ తవ్వడం మొదలుపెట్టింది. గంటాలు ఏమీ అడగకుండా వచ్చి ముట్టెతో మట్టి ఎత్తిపోస్తున్నాడు.

గుండప్ప పక్కనే కూర్చుని నేల మీద గీతలు గీస్తున్నాడు. "తప్పెక్కడుందో దొరికిందే ఈరీ. ఫలితాలు మూడు కాదు, అయిదు. ఈసారి అయిదూ కాస్తే..."

"కాస్త జరుగయ్యా" అంది ఈరమ్మ. "మట్టి నీ మీద పడుతుంది."

మండలి ఆ తర్వాత సొరకాయల ఖర్చు తగ్గించి, గుండప్పని అడవి శాశ్వత బంతిగా నియమించింది. జీతం ఆటకి ఒక ఉచిత చీటీ. బంతికి పందెం కాసే హక్కు లేదని ఆ చీటీ వెనకే రాసి ఉంటుంది. అతను ఇప్పటికీ తిప్పి చూడలేదు.

నీతి: అన్ని వైపులా కాసుకున్నవాడు ఏ వైపు నుంచి తన్నినా చక్కగా దొర్లుతాడు.

సరే, నేను చెప్పాల్సింది అయిపోయింది. గుప్పిట్లో నలుపుతున్న ఆ మోదుగాకు కింద పడేసి, ఇప్పుడు మీరు చెప్పండి. ఆ రోజు మీరు చూసింది సొరబుర్రనా, గుండప్పనా?