ఒక రంగు, ఒక చోటు

చనిపోయినవాళ్ళ మొహాలను గేమ్ పెట్టెల్లో భద్రపరిచే పురపాలక సంఘం శేషారత్నం నోరు తీసేసింది. ఇందులో వాదించడానికేమీ లేదు. కాగితం మీద ఆమె భర్త సంతకం ఉందని వాళ్ళంటారు. ఉంది. నోరు తీసింది మాత్రం వాళ్ళే.

ఆ పట్టణంలో మనిషి పోయిన పదకొండో రోజున మొహాన్ని పెట్టెకు ఎక్కించాలి. శ్మశానంలో స్థలం చాలదు. రికార్డు గదిలోని ఫొటోలను చెదలు తిన్నాయి. అందుకని సంఘం రెండు కంపెనీల దగ్గర వీడియో గేమ్ పెట్టెలు కొన్నది. ఒకటి రాజా, రెండోది మయూరి. రెండూ ఒకే ఏడు బజారుకు వచ్చాయి. రెండిటి మీదా పదహారు బిట్లని రాసి ఉంటుంది. రెండిటికీ క్యాసెట్ పైనుంచే దిగుతుంది. ఏది మంచిదో ఇంతవరకు తేలలేదు. తేలలేదు కాబట్టి ప్రతి మొహాన్నీ రెండిటిలోనూ ఎక్కించి, పక్కపక్కన రెండు టీవీల మీద చూపించి, కుటుంబాన్ని ఒకటి కోరుకోమంటారు. దీన్ని పోలిక అంటారు. పోలిక చీటీ చూపించకపోతే దినానికి వంటవాళ్ళు పొయ్యి వెలిగించరు.

రాజాలో రంగులు ఎక్కువ, చుక్కలు లావు. మయూరిలో చుక్కలు సన్నం, రంగులు తక్కువ. రాజాలో ఎక్కినవాళ్ళ వెనక మబ్బులు రెండు వరసల్లో, ఒక్కో వరస ఒక్కో వేగంతో కదులుతాయి. మయూరిలో మబ్బులు గోడకు సున్నం కొట్టినట్టు నిలబడిపోతాయి. మయూరిలో ఒకే వరసలో ఎనిమిది మందికి మించి నిలబడితే తొమ్మిదో మనిషి మిణుకుమిణుకుమంటాడు. పెద్ద కుటుంబాలవాళ్ళు పేద బంధువును తొమ్మిదోవాడిగా నిలబెడతారు. ఊరు రెండు పక్షాలైంది. రాజావాళ్ళు మయూరివాళ్ళకు పిల్లనివ్వరు. ఎక్కడన్నా ఎదురుపడితే మబ్బుల గురించి వాదించుకుంటారు. మొహాల గురించి ఎవరూ మాట్లాడరు.

శేషారత్నం భర్త కోటిలింగం బోర్డులు రాసేవాడు. పల్లెబడిలో ఐదు వరకు చదివాడు. అక్షరం మాత్రం గుండ్రం. ఊళ్ళో సగం కొట్ల పేర్లు అతని చేతివే. పురపాలక సంఘం గేటు మీదిది కూడా. ముప్పై నాలుగేళ్ళ కాపరంలో అతను ఏం చెప్పినా శేషారత్నం ఒకటే జవాబిచ్చేది. నీ మొహం. వానొస్తుందంటే నీ మొహం. కూరలో ఉప్పు తగ్గిందంటే నీ మొహం. ఇంకేం ఫర్వాలేదన్నాడు డాక్టరు అని మంచం పక్కన నిలబడి చెప్పినప్పుడు కూడా అదే అన్నది. ఎప్పటిలాగే ఆమె మాటే నిజమైంది.

పోలిక రోజున కోటిలింగం ఒక్కడే వెళ్ళాడు. పోలిక గుమాస్తా సుగుణ రెండు క్యాసెట్లు తీసి, అడుగున నోరు పెట్టి గట్టిగా ఊదింది. ఊదేటప్పుడు బంధువులు తల పక్కకు తిప్పుకోవాలని నియమం. కోటిలింగం తిప్పుకోలేదు. ఊదకపోతే ఎక్కదు బాబాయి గారూ అన్నది సుగుణ.

రాజా టీవీ మీద గుండ్రటి మొహం వచ్చింది. నుదుట బొట్టు ఉంది. నోరు ఒకే ఒక చుక్క. వెనక మబ్బులు పోతున్నాయి.

"ఈమె ఎవరు?" అన్నాడు కోటిలింగం.

సుగుణ రిజిస్టరు చూసింది. "మీ ఆవిడేనండీ. చుక్కలు లావు కదా. ఆ వయసు ఆడవాళ్ళు ఇంకో పదకొండు మంది ఇదే మొహంతో ఉన్నారు. ఎవరూ ఫిర్యాదు పెట్టలేదు."

మయూరి టీవీ మీద శేషారత్నం వచ్చింది. ఎడమ కనుబొమ్మ కాస్త పైకి లేచే ఉంది. తాంబూలంతో నోరు ఎర్రగా ఉంది. కోటిలింగం మొహాన్ని కదిలించే మీట నొక్కాడు. పెదాలు విడి ఉన్నాయి, కలిశాయి, విడిపోయాయి, మళ్ళీ కలిశాయి. శబ్దం లేదు. అవసరమూ లేదు, ముప్పై నాలుగేళ్ళు విన్న మాటే. మళ్ళీ నొక్కాడు. మీట అరిగిపోతుందని పోలిక అధికారి పిచ్చేశ్వరరావు లోపలినుంచి వచ్చి చెప్పేదాకా నొక్కుతూనే ఉన్నాడు. తర్వాత మయూరి అని రాసి ఉన్న చోట సంతకం పెట్టాడు. మబ్బులు చూడనేలేదే పెద్దాయనా అని అధికారి నొచ్చుకున్నాడు.

మూడు వారాలకు రేషన్ డీలరు అతని పేరు కొట్టేసి ఉందన్నాడు. కోటిలింగం ఆఫీసుకు పోయి అడిగాడు. సుగుణ ఫైలు తెరిచి విషయం చదివి వినిపించింది. మయూరి మొహానికి నుదుట బొట్టు లేదు. బొట్టు లేని ఆడమనిషికి భర్త లేనట్టు. భర్త లేడంటే చనిపోయినట్టు. చనిపోయిన తేదీ తెలియదు కాబట్టి పోలిక తేదీనే వేశారు.

కోటిలింగం సుగుణ నుదురు చూశాడు. అక్కడా బొట్టు లేదు. ఆమె భర్త ఎదురు గదిలోనే టైపు కొడుతున్నాడు. ఆ సంగతి అడిగితే, మాది వేరే ఫారమండీ అన్నది.

బొట్టు ఎందుకు రాలేదో పిచ్చేశ్వరరావు వివరించాడు. మయూరి పెట్టెతో ఒక పుస్తకం వచ్చింది. సంఘం దాన్ని తెలుగులో రాయించి తీర్మానం చేసింది. అందులో 'ఒక్కో రంగుకు ఒక్కో చోటు' అని ఉంది. మయూరి మొహానికి పదిహేను రంగులు. అందులో ఎరుపు ఒకటే. దాన్ని మొహంలో ఒక్క చోటే పెట్టాలి. శేషారత్నం తాంబూలం వేసుకునే మనిషి కావడంతో ఎరుపు నోటికి పోయింది. నుదుటికి మిగల్లేదు.

"ఒక డబ్బా ఎరుపుతో బోర్డు మొత్తం రాస్తాను," అన్నాడు కోటిలింగం. "గేటు మీద మీ బోర్డు కూడా అట్టా రాసిందే. చోటంటే రంగు పెట్టుకునే చోటయ్యా, డబ్బా పెట్టుకునే అరలాగా. పూసే చోటు కాదు."

పిచ్చేశ్వరరావు ఫైలు తిరగేశాడు. అయ్యుండొచ్చు అన్నాడు. కానీ ఇప్పటికి నాలుగువేల మొహాలు ఈ పద్ధతిలో ఎక్కాయి. ఈయన చెప్పింది నిజమైతే నాలుగువేల మొహాలూ తప్పు. నాలుగువేల మొహాలు తప్పు కావడం జరగదు. కాబట్టి ఈయన చెప్పింది నిజం కాదు. ఈ మాట ఫైల్లో రాయించి, ఇంకా ఏమన్నా ఉందా అని అడిగాడు.

కోటిలింగం చనిపోయినవాడిగా తిరగడం మొదలుపెట్టాడు. ఊరు త్వరగానే అలవాటు పడింది. మంగలి అతన్ని బల్ల మీద కూర్చోబెట్టుకోలేదు. కండక్టరు టిక్కెట్టు కొట్టలేదు. కూర్చోబెట్టనూ లేదు, సీట్లు బతికున్నవాళ్ళకని. టీ కొట్టతను గౌరవంగా లేచి నిలబడేవాడు, టీ మాత్రం పోసేవాడు కాదు. కోటిలింగం ఒక చోట నిలవలేకపోయేవాడు. బజారు ఈ చివరినుంచి ఆ చివరకు, ఆ చివరినుంచి ఈ చివరకు, తను రాసిన బోర్డులన్నీ చదువుకుంటూ నడిచేవాడు. ఇంటికి పోయి తాళం తీసి, లోపలికి పోకుండానే మళ్ళీ వేసేవాడు.

వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు నిమిషాలు, చీటీ మీద మొహం చూపిస్తారు. చీటీలు ముందే ఇచ్చి ఉండడంతో కోటిలింగం వెళ్ళేవాడు. నేను చచ్చిపోయానంట అని చెప్పి మీట నొక్కాడొకసారి. పెదాలు రెండుసార్లు కలిశాయి. ఆ రోజు అతనికి ఆకలేసింది.

అలా తిరుగుతున్న నాలుగో వారంలో నోటీసు వచ్చింది. చనిపోయిన కోటిలింగం తన మొహాన్ని శుక్రవారంలోగా అప్పగించాలి. అతను నోటీసు పట్టుకుని పరుగున పోయాడు. మొహం అప్పగించడానికి అభ్యంతరం లేదని, తనను శేషారత్నం పక్కన నిలబెడితే చాలని అడిగాడు. మయూరి పెట్టెలు అయిపోయాయి, ఇప్పుడు ఎక్కేవాళ్ళంతా రాజాలోకే అన్నాడు అధికారి. రాజా క్యాసెట్ మయూరిలో పట్టదు. గట్టిగా తొయ్యకూడదు, క్యాసెట్ అడుగున పళ్ళు విరుగుతాయి. పోనీ చూసుకోవడానికి వస్తానన్నాడు కోటిలింగం. చూసే చీటీ బతికున్నవాళ్ళకేనని, చనిపోయినవాళ్ళు చనిపోయినవాళ్ళను చూసుకోవడానికి ఫారం లేదని సుగుణ చెప్పింది.

ఆ తర్వాత ఆమె ఇంకో ఫారం తీసింది. దాని పేరు సవరణ. ఎరుపును ఉన్న చోటునుంచి తీసి నుదుట పెడతారు. ఆమెకు బొట్టు వస్తుంది, ఆయనకు ప్రాణం వస్తుంది, చీటీలు కూడా వస్తాయి. నోటి దగ్గర మాత్రం చర్మం రంగు నింపుతారు.

"నోరు లేకుండానా?" అన్నాడు కోటిలింగం.

"చాలామంది భర్తలు ఇదే తీసుకుంటారు బాబాయి గారూ. ఎక్కువమంది మొదటి రోజే తీసుకుంటారు. మీరే ఆలస్యం చేశారు."

అతను ఫారం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు. ఇంటి దగ్గర శేషారత్నం చెల్లెలు వజ్రం అరుగు మీద కూర్చుని ఉంది. వచ్చేదారిలో పోలిక గదికి పోయి అక్కను చూసి వచ్చింది. అతను కాళ్ళు కడుక్కునేదాకా కూడా ఆగలేదు.

"నా చేత్తో పెట్టా బావా బొట్టు. రూపాయి బిళ్ళంత పెట్టా, పాడె మీద. మా అమ్మకి దక్కలా ఆ బాగ్గెం, మా అక్కకి దక్కింది అనుకున్నా. నువ్వు బతికుండంగానే దాన్ని ముండని చేసి టీవీలో నిలబెట్టావు. ఊరోళ్ళు చూసి పోతన్నారు."

బొట్టు పెడితే నోరు పోతుందని కోటిలింగం చెప్పాడు.

"పోతే పోనియ్. చచ్చినదానికి నోరెందుకు? ఉన్నన్నాళ్ళూ ఆ నోటితో నువ్వేమన్నా సుకపడ్డావా?"

దానికి జవాబు అతని దగ్గర ఉంది. అతను కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. మరదలు ఆ మాట ఇంకో నాలుగు రకాలుగా అన్నది. ఏడ్చింది. అన్నం వండి పెట్టి, చనిపోయినవాడికి వడ్డించకూడదని గుర్తొచ్చి, గిన్నె మూత పెట్టేసి బస్సుకు పోయింది. అతను మూత తీసి నిలబడే తిన్నాడు. రెండు ముద్దలయ్యాక మళ్ళీ మూత పెట్టాడు.

గురువారం పొద్దున ఆఫీసు తలుపు తీయకముందే వెళ్ళి మెట్ల మీద పైకీ కిందకీ తిరిగాడు. సవరణ ఫారంలో నాలుగు గళ్ళు. పేరు రాశాడు. పెట్టె పేరు రాశాడు. 'తీసివేయవలసినది' అన్న గడి ఖాళీగా వదిలి, కింద సంతకం పెట్టాడు. ఖాళీలుంటే తీసుకోరని చెప్పి సుగుణే ఆ గడిలో నోరు అని రాసింది. తర్వాత క్యాసెట్ తీసి, ఊది, పెట్టెలోకి దింపింది. ఈసారి కూడా అతను తల తిప్పుకోలేదు.

శేషారత్నం తెర మీదికి వచ్చింది. సవరణ చేసేటప్పుడు కుటుంబసభ్యులు ఒకసారి మీట నొక్కాలి, ఎరుపు ఎక్కడుందో పెట్టెకు తెలియడానికి. కోటిలింగం నొక్కాడు. పెదాలు కలిశాయి. సుగుణ తన దగ్గరున్న మీట నొక్కింది. నుదుట బొట్టు పడింది. రెండోసారి కలవడానికి పెదాలు లేవు. ముక్కు కిందినుంచి గడ్డం దాకా మంచి చామనఛాయ పరుచుకున్నది. కనుబొమ్మ మాత్రం అలాగే ఉంది.

"ఇప్పుడెంత లక్షణంగా ఉన్నారో చూడండి," అన్నది సుగుణ. మనస్ఫూర్తిగానే అన్నది.

మధ్యాహ్నానికి అతని పేరు రేషన్ పుస్తకంలోకి వచ్చింది. మంగలి గడ్డం గీశాడు. టీ కొట్టతను కూర్చునే టీ పోశాడు. వజ్రం ఆదివారం వచ్చి అక్కను చూసి కళ్ళొత్తుకుని, ఇప్పుడు మా అక్కలాగా ఉంది బావా అన్నది. ఇంత సన్నని పని మయూరిలోనే కుదురుతుందని మయూరివాళ్ళు గర్వపడ్డారు. రాజావాళ్ళు చాలా రోజుల తర్వాత మబ్బుల సంగతి వదిలి, తమ పెట్టెలో కూడా నోరు తీసే వీలుందా అని సంఘానికి అర్జీ పెట్టుకున్నారు.

సంఘం ఆ అర్జీని మెచ్చుకుంది. రెండు పెట్టెల మధ్య ఇన్నేళ్ళ తగువు తీరే దారి ఇదేనని పిచ్చేశ్వరరావు సమావేశంలో చెప్పాడు. నోరు లేకపోతే మొహాలు ఎందులోనైనా దాదాపు ఒక్కలాగే ఉంటాయి. శేషారత్నం మొహాన్ని నమూనాగా తీర్మానించారు. వచ్చే నెలనుంచి ఆడవాళ్ళందరినీ ఆ నమూనా ప్రకారం ఎక్కిస్తారు, భర్తలు సవరణకు తిరగనక్కర్లేదు. నోరు కావాలనేవాళ్ళు ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. ఈ సంగతి తెలియజేసే బోర్డు రాసే పని కోటిలింగానికే ఇచ్చారు. అతను రాశాడు. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. ఇంతవరకు ఒక్క దరఖాస్తు కూడా రాలేదు. పెళ్ళికావలసిన ఆడపిల్లల తల్లులు మంగళవారాల్లో పిల్లలను తీసుకొచ్చి నమూనా చూపించి పోతున్నారు.

కోటిలింగం చీటీ మీద వారానికి రెండుసార్లు వెళుతున్నాడు. మీట మీద చెయ్యి వేయడు. నాలుగు నిమిషాలూ నిలబడి, మధ్యలో రెండుసార్లు తలుపు దాకా పోయి వస్తాడు. ఒకరోజు గదిలో ఇంకెవరూ లేరు. సుగుణ కుర్చీ దగ్గరకు జరుపుకుని, రికార్డులో రాయనని ముందే చెప్పి, చిన్నగా అడిగింది.

"ఏమనేవారు బాబాయి గారూ ఆవిడ? నేను మీట నొక్కినప్పుడు సగంలో ఆగిపోయింది. నాకు నిద్ర పట్టడం లేదు."

"నన్ను అడగొద్దు," అన్నాడు కోటిలింగం. "ఇవాళ కాదు, ఎప్పుడూ అడగొద్దు. దాని నోటి సంగతి నేనింక మాట్లాడను."

ఆమె తల ఊపి, చీటీ మీద టైము వేసి ఇచ్చింది. అన్నట్టే అతను ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఇంకెవరూ అడగనూ లేదు.