టాప్ గేరు ప్రెసిడెంటు

ఆదివారం పొద్దున్నే చెన్నకేశవరావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొత్తగా కొన్న పాత కారును శుభ్రంగా తుడుచుకుని నందిగామ బయల్దేరాడు. ఆయనకు జగ్గయ్యపేటలో హోల్‌సేల్ కిరాణా కొట్టుంది. రెండు ఊళ్ల వర్తకులూ కలిసి పెట్టుకున్న సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది ఆ రోజే. పోటీకి నిలబడ్డ రెండోవాడు నందిగామ పప్పుల వ్యాపారి బ్రహ్మయ్య. బ్రహ్మయ్య అందరి కష్టానికీ వెళ్లే మనిషి. చెన్నకేశవరావు అందరికీ సలహాలు చెప్పే మనిషి. ఓడిపోతానని లోలోపల తెలిసినా, తప్పుకుంటే నలుగురూ నవ్వుతారని బయల్దేరాడు. చెల్లెల్ని చూసి రావచ్చని భార్య బాలామణి కూడా పక్క సీట్లో కూర్చుంది.

ఊరి చివర బంకులో పెట్రోలు పోయించుకుని హైవే ఎక్కారు. పెట్రోలు ఆదా చెయ్యడం చెన్నకేశవరావుకు వ్రతంలాంటిది. కారు కాస్త ఊపందుకోగానే టాప్ గేరులో వేసి, ఇక దాని జోలికి పోడు. చిల్లకల్లు దాటాక వంతెన ఎక్కుతుంటే ముందున్న సిమెంటు లారీ నెమ్మదించింది. ఈయనా నెమ్మదించాడు, గేరు మాత్రం మార్చలేదు. ఇంజనులోంచి, రేకు డబ్బాలో గోలీలు పోసి ఊపినట్టు, టకటకమని చప్పుడు మొదలైంది.

"గేరు తగ్గించండి. ఎత్తు ఎక్కలేక ఏడుస్తోంది," అంది బాలామణి.

"నీకు తెలీదు. దీన్ని నాకింగ్ అంటారు. కల్తీ పెట్రోలైతే వస్తది. ప్లగ్గు అంటించిన మంట అందేలోపే మిగతాది దానంతటదే పేలిపోద్ది. మొన్నే ఫోన్లో చూశా."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. కల్తీ పెట్రోలుకు ఆ చప్పుడు వస్తుంది. నెమ్మదిగా పోయేటప్పుడు పై గేరులో ఉంచి ఇంజను ప్రాణం తీసినా వస్తుంది. ఫోన్లో ఆ రెండో సంగతి వచ్చేలోపు ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టేసింది.

కారు వెనక్కి తిప్పి బంకుకు పోయి, మేనేజరు దేవరాజ్‌ను నిలదీశాడు. ఆయన గొంతుకు జనం పోగయ్యారు. ముక్త్యాల లారీ డ్రైవరు ఒకతను తన బండి కూడా నిన్నటి నుంచి పొగ కక్కుతోందన్నాడు. అతనిది డీజిలు. ఆటో అతను మైలేజీ రావట్లేదన్నాడు. అతనిది గ్యాసు. ఇంకొకాయన తన స్కూటరు పొద్దున కదల్లేదన్నాడు. అది బ్యాటరీది. అయినా అందరి కోపమూ పెట్రోలు మీదే.

దేవరాజ్ ఓపిగ్గా వడపోత కాగితం తెచ్చి, అందరి ముందూ దాని మీద పెట్రోలు చుక్క వేశాడు. కల్తీ ఉంటే మరక మిగులుతుందని చెప్పాడు. చుక్క ఆరిపోయింది, మరక లేదు. చెన్నకేశవరావు కాగితాన్ని తిప్పి చూశాడు. పొరపాటయిందని ఒక్క మాట అంటే అక్కడితో పోయేది. కానీ ఎవరో ఫోను పట్టుకుని ఆయన్నే వీడియో తీస్తున్నారు.

"ఆ కాగితమూ మీదేగా," అన్నాడు, కెమెరా వైపు తిరిగి.

జనం చప్పట్లు కొట్టారు. సాంద్రత చూపిస్తానని దేవరాజ్ గాజు జాడీ తెస్తే, జాడీ కూడా మీదేగా అని జనమే అందుకున్నారు. చివరికి గొడవ ముదిరేలా ఉందని అతను బంకు మూసుకున్నాడు.

ఆలస్యమైపోయిందనీ, పదవి పోయినట్టేననీ దిగులుపడుతూ చెన్నకేశవరావు నందిగామ చేరాడు. హాలు గుమ్మంలోనే దండ పడింది. వీడియో ఆయనకంటే ముందే వచ్చేసింది. కల్తీని ఒంటి చేత్తో ఎదిరించిన ఇలాంటి మనిషి ఉండగా తానెందుకంటూ బ్రహ్మయ్య తప్పుకున్నాడు. అధ్యక్షులవారు కల్తీ మీద అరగంట మాట్లాడారు. మిరప్పొడిలో రంగు కలిపేవాళ్లు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

తిరుగు ప్రయాణంలో అభినందనల ఫోన్లు ఆగకపోవడంతో స్టీరింగు బాలామణికిచ్చాడు. వంతెన దగ్గర మళ్లీ ఒక లారీ అడ్డొచ్చింది. ఆమె రెండు గేర్లు దించింది. కారు చప్పుడు లేకుండా ఎక్కేసింది. చెన్నకేశవరావు ఫోను చెవి దగ్గరే ఉంచుకుని గేరు రాడ్డు వైపు చూశాడు. ఆ తర్వాత కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

"దేవరాజ్‌కి ఒక మాట చెప్పి వెళ్దామా?" అంది బాలామణి, బంకు దగ్గరపడగానే.

"మూసేసుంది కదా," అన్నాడు ఆయన.

కొట్టు ముందు స్వాగతానికి వచ్చినవాళ్లు ఇంజను చప్పుడు ఎలా పోయిందని అడిగారు.

"గట్టిగా నిలదీశా, పోయింది," అన్నాడు.

బంకు వారం దాకా తెరవలేదు. అధ్యక్షులవారు మాత్రం హోదాకు తగ్గట్టు ఆ రోజు నుంచి వెనక సీట్లోనే కూర్చుంటున్నారు, ఇంజను ఆరోగ్యం దివ్యంగా ఉంది.