భుజంగరావు జ్ఞాపకానికి కొత్త ప్రింటు

పాత సినిమాని శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేసినప్పుడు, దాన్ని అప్పట్లో చూసినవాళ్ళ జ్ఞాపకాన్ని కూడా శుభ్రం చేయించుకోవాలి కాబట్టి, తాడంకి భుజంగరావు పొద్దున్నే టిఫిను తిని గుడివాడలోని సినిమా జ్ఞాపకాల ఆఫీసుకి వెళ్ళాడు. ఇందులో విడ్డూరమేమీ లేదు. రేషనుకి వేలిముద్ర వేసినట్టే ఇదీను. వీధిలో సగంమంది ఇప్పటికే చేయించుకున్నారు. చేయించుకోనివాళ్ళని హాల్లోకి రానివ్వరు. గీతలు పడ్డ ప్రింటు బుర్రలో పెట్టుకుని కొత్త ప్రింటు చూస్తే కళ్ళు తిరుగుతాయట.

లైన్లో నిలబడేసరికే భుజంగరావుకి ఒళ్ళు మండిపోయింది. ఆయనకి సినిమా అంటే ప్రాణం. ఇప్పుడు సినిమా చూసేవాడెవడు, అందరూ ఫోన్లెత్తి తెరని వీడియో తీసేవాళ్ళేగా! హీరోగారి పుట్టినరోజని పాత సినిమా వెయ్యడం, పాట రాగానే తెర ముందు గెంతడం, కాగితాలు చింపి పొయ్యడం. ఆ కథ ఏమిట్రా అని అడిగితే ఒక్కడూ చెప్పలేడు. ఖర్మ.

అయినా వచ్చాడంటే కారణం ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య కనకవల్లి తలెత్తి మాట్లాడేది కాదు. ఇద్దరూ మొదట చూసిన సినిమా ఇదే. ఆ రోజు ఆపరేటరు మహానుభావుడు రీళ్ళు తారుమారు చేశాడు. హీరో చచ్చిపోయాడు, పాడె కట్టారు, హాలంతా ముక్కులు చీదుతోంది. అంతలో అదే హీరో తెల్లప్యాంటు వేసుకుని తోటలో హీరోయిన్ చుట్టూ గెంతుతున్నాడు. "పాడె దిగి ప్యాంటెప్పుడు మార్చుకున్నాడండీ?" అని కనకవల్లి ఆయన చెవిలో అడిగి, పైట నోట్లో కుక్కుకుని పడీపడీ నవ్వింది. వాళ్ళ కాపురం నిజానికి ఆ నవ్వుతోనే మొదలైంది. ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఆ నవ్వు భుజంగరావు బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. అదే హాల్లో కూర్చుంటే ఆవిడ పక్కనున్నట్టుంటుందని ఆయన ఆశ.

ఆఫీసులో మాధురి అనే అమ్మాయి ఆయన నెత్తిన టోపీ పెట్టి కంప్యూటర్లోకి చూసింది.

"అంకుల్, మీ జ్ఞాపకంలో హీరో ముందు చచ్చిపోయి తర్వాత పాడుతున్నాడు. సరిచేస్తాను."

"వద్దమ్మా. నాకలాగే కావాలి."

"తప్పు జ్ఞాపకం ఉంచకూడదంకుల్. ఇంటర్వెల్‌కే తమ హీరోని చంపేశారని ఫ్యాన్స్ మీలాంటివాళ్ళ మీద ఫిర్యాదులు పెడుతున్నారు. పక్కసీట్లోంచి ఏదో చప్పుడు కూడా వస్తోంది. తీసేస్తాను."

"అది చప్పుడు కాదు తల్లీ, మా ఆవిడ!"

"అవునంకుల్. కానీ రీళ్ళు సరిచేశాక పాట అయిపోయిన తర్వాతే పాడె వస్తుంది. ఆంటీ పాడెని చూసి నవ్వినట్టవుతుంది. ఆవిడకే కదా చెడ్డపేరు?"

భుజంగరావు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఆ అమ్మాయి విసుక్కోలేదు. నవ్విన మనిషి స్వయంగా వచ్చి నవ్వింది నేనే అని చెప్తే ఉంచొచ్చంది. ఆవిడ లేదమ్మా అన్నాడు. అయితే ఎవరికీ అభ్యంతరం లేనట్టేనంది.

ఆయన టోపీ పీకి బల్ల మీద కొట్టి లేచాడు.

"వెళ్ళొచ్చంకుల్, బలవంతమేం లేదు," అంది మాధురి. "కాకపోతే ఇక ఏ హాల్లోకీ రానివ్వరు."

"తొందరగా కానివ్వండి మాస్టారూ, అవతల మార్నింగ్ షో మొదలైపోతుంది!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

భుజంగరావు గుమ్మం దాకా వెళ్ళాడు. బయట హాలు కనిపిస్తోంది, గంట కూడా కొట్టారు. ఒక్క చూపు చూస్తే చాలు, ఆ సీటు, ఆ తెర అనుకున్నాడు. వెనక్కొచ్చి టోపీ ఆయనే పెట్టుకున్నాడు.

సినిమా అద్భుతంగా ఉంది. హీరో చొక్కా గుండీలు లెక్కపెట్టుకోవచ్చు. పాట ముందొచ్చింది, పాడె తర్వాతొచ్చింది, భుజంగరావు సరైన చోట కళ్ళు తుడుచుకున్నాడు. ఏ గోలా లేకుండా హాయిగా చూశానని బయటికొచ్చి ఇద్దరు ముగ్గురితో అన్నాడు కూడా.

ఇంటికెళ్ళి చొక్కా విప్పుతూ గోడమీద దండ వేసిన కనకవల్లి ఫొటో చూశాడు. పెదాలు విచ్చుకుని, పళ్ళు కనిపిస్తున్నాయి. ఈవిడ దేనికంత నవ్వుతోందో ఎంత ఆలోచించినా ఆయనకి అర్థం కాలేదు. ఎవడు తీశాడో గానీ బొత్తిగా పనిరానివాడిలా ఉన్నాడు. తెల్లారగానే స్టూడియోలో ఇచ్చి పెదాలు కలిపించెయ్యాలనుకుని, ఫొటో మేకు మీంచి తీసి సంచిలో పెట్టాడు.