సాసేజ్ కార్డులో అందగాడు

శనివారం ఉదయం వెండెల్ స్ట్రిక్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. రెండు గుడ్లు తినాలి, కాఫీ తాగాలి, తన దగ్గర రెండేసి చొప్పున పోగుపడ్డ బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల కార్డుల్ని ఒక డబ్బాలో సర్దుకోవాలి, స్నేహితుడు హార్లన్ ట్రక్కులో ఫైర్ స్టేషన్ హాలుకి వెళ్ళి కార్డుల సంతలో మారకం వేసుకోవాలి. గుడ్లు, కాఫీ సవ్యంగానే అయ్యాయి. డబ్బా దగ్గరే కథ అడ్డం తిరిగింది.

భార్య ఆర్డిత్ అప్పటికే జుట్టు చేయించుకోవడానికి వెళ్ళిపోయింది. "నేనూ ఓసారి అలా మీ సంతకి వస్తానేమో!" అని గుమ్మంలోంచి ఒక మాట విసిరి మరీ వెళ్ళింది. కార్డుల సంత పేరెత్తితే ఆవలించే మనిషి ఇవాళ ఎందుకు వస్తానంటోందో వెండెల్‌కి తట్టలేదు. గురువారం ఆమె ఫోనులో గొంతు తగ్గించి, "శనివారం అక్కడికే వస్తాను. మా ఆయనకి మాత్రం తెలియకూడదు" అనడం కూడా విన్నాడు. ఆదివారం తమ పెళ్ళిరోజు కాబట్టి కేకు సంగతై ఉంటుందనుకొని సంతోషించాడు. కేకు మీద అంత నమ్మకం ఉన్న మనిషి అతను.

కార్డులు పెట్టుకోవడానికి సరైన డబ్బా దొరకలేదు. వంటగదిలో పొయ్యి పైన అరలో, ఆర్డిత్ తన వంటల చీటీలు దాచుకునే రేకు డబ్బా కనిపించింది. కొలిచి చేయించినట్టు సరిగ్గా సరిపోతుంది. చీటీలన్నీ బల్ల మీద బోర్లించాడు. అడుగున, 'రూబార్బ్ పై' అనే పుల్లటి తీపివంటకం చీటీ వెనకాల, ఒక పాత బేస్‌బాల్ కార్డు అతుక్కొని ఉంది.

కార్డులు పోగుచేసేవాళ్ళ చూపు వేరు. వెండెల్ జేబులోంచి భూతద్దం తీసి ముందు నాలుగు మూలలూ చూశాడు. ఒక మూల మొద్దుబారింది. తరవాత అంచులు చూశాడు. ఎడమ పక్క తెల్లటి అంచు కాస్త సన్నం, అంటే బొమ్మ మధ్యలో అచ్చవలేదు. కింద నూనె మరక ఉంది. సాసేజ్ పొట్లాల్లో వచ్చిన కార్డుకి ఆ మరక లేకపోతేనే అనుమానించాలి. తిప్పి చూశాడు. వెనకవైపు ఎర్రటి పెదవుల ముద్ర ఉంది.

అప్పుడు పేరు చదివాడు. డ్యూయీ ప్రోకాప్, సెకండ్ బేస్, కార్విల్ కమ్మర్లు.

కమ్మర్లు అంటే మా ఊరి బేస్‌బాల్ జట్టు. ముప్ఫై ఏళ్ళ కిందట ఆ జట్టులో సెకండ్ బేస్ కాసే ఆటగాడి చోటు ఒక్కటే ఖాళీగా ఉండేది. ఇరవై ఏళ్ళ వెండెల్ దానికోసం మూడు రోజులు జట్టు చొక్కా వేసుకొని మైదానంలో దుమ్ము తిన్నాడు. నాలుగో రోజు ఆ చోటు ప్రోకాప్ అనే కుర్రాడికి ఇచ్చి, ఇతన్ని ఇంటికి పంపేశారు. ఆ వారమే వెండెల్ క్లీవ్‌లాండ్ ఉక్కు కర్మాగారంలో పనికి వెళ్ళిపోయి, మంచు పడ్డాకగానీ ఊళ్ళో అడుగు పెట్టలేదు. ఆ వేసవంతా ఊళ్ళో అమ్మిన సాసేజ్ పొట్లాల్లో కమ్మర్ల బొమ్మల కార్డులు వచ్చాయి. ఒక్క కార్డు మీద తన ముఖం అచ్చయి ఉంటే చాలు, జీవితంలో ఇంకేమీ అడగననుకునేవాడు వెండెల్. అది కాలేదు కాబట్టే ఇతరుల ముఖాలు పోగుచేయడం మొదలుపెట్టాడు. కమ్మర్ల కార్డులు మాత్రం ముట్టుకోడు. ప్రోకాప్ పేరు ఎవరైనా ఎత్తితే గదిలోంచి లేచిపోతాడు.

అలాంటివాడి కార్డు తన ఇంట్లో, తన భార్య డబ్బాలో ఉంది. దాని మీద ముద్దు కూడా ఉంది. వెండెల్ కార్డుని జేబులో కుక్కుకొని, డబ్బానీ చీటీల్నీ అక్కడే వదిలేశాడు.

అంతలో బయట ట్రక్కు హారన్ మోగింది. హార్లన్ లోపలికి రాకుండానే కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "ఒరేయ్, ఈసారి సంతలో కూర్చొని సంతకాలు పెట్టేదెవరో తెలుసా? నీ ప్రియమిత్రుడు! ప్రోకాప్!"

వెండెల్ బుర్రలో శనివారం, ఫోను, జుట్టు, ముద్దు ఒకదాని పక్కన ఒకటి వరసగా వచ్చి నిలబడ్డాయి. కేకు ఎక్కడా కనిపించలేదు.

హార్లన్‌కీ వెండెల్‌కీ స్నేహం ఎంతో, కుళ్ళు అంత. వెండెల్ తాత ఒకప్పుడు సిగరెట్ పెట్టెలో దొరికిన, జెబ్ కార్మోడీ అనే పేరుమోసిన ఆటగాడి కార్డు మనవడికి ఇచ్చిపోయాడు. పెట్టె నలక్కుండా పెట్టిన ఆ అట్టముక్క కోసమే అప్పట్లో మనుషులు పొగతాగడం నేర్చుకున్నారు. తరవాత వాటికోసం పిల్లలు రుచీపచీ లేని బబుల్‌గమ్ నమిలారు, మా ఊళ్ళో అయితే సాసేజ్‌లు తిన్నారు. వెండెల్ ఆ కార్మోడీ కార్డుని ఎక్కడికెళ్ళినా చొక్కా లోపలి జేబులో పెట్టుకొని తిరుగుతాడు, రోజూ పడుకునే ముందు దానికి గుడ్‌నైట్ చెబుతాడు. హార్లన్ దాన్ని చూసినప్పుడల్లా గుటకలు మింగుతాడు. హార్లన్ పోగుచేసేది కమ్మర్ల కార్డులు. ఈ ఊరికి కాపురం వచ్చినప్పట్నించీ వెతుకుతున్నా ఆ వరసలో ఒక్కటే దొరకలేదు. అది ప్రోకాప్ కార్డు.

ట్రక్కు రెండు వీధులు దాటాక వెండెల్ ఆ కార్డుని హార్లన్ ఒళ్ళో పడేశాడు. "ఇదిగో, తీసుకో."

హార్లన్ బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. వెనక కారువాడు తిట్టి పక్కనుంచి వెళ్ళిపోయాడు. "ఇది... ఇది నీకెక్కడిది?"

"అనవసరం. నాకు అక్కర్లేదు."

"ఊరికే తీసుకోకూడదు, అది పద్ధతి కాదు" అంటూనే హార్లన్ ఒక పిడికెడు చచ్చు కార్డులు వెండెల్ చేతిలో కుక్కాడు. వెండెల్ మనసు మార్చుకునేలోపు అతని చెయ్యి పట్టుకొని గట్టిగా ఊపేశాడు. చేయి కలిపాక మారకం తిరగదు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళు తిరుగుతాయిగానీ కార్డుల మారకం తిరగదు. ఆ తరవాత హార్లన్ కూడా భూతద్దం తీసి నాలుగు మూలలూ చూసుకొని, "మూల కాస్త మొద్దుబారింది" అని వంక పెట్టి, జేబులో దాచుకున్నాడు.

హాలు నిండా జనం ఉన్నారు. ఒక మూల బల్ల వెనక ప్రోకాప్ కూర్చొని, బంతుల మీదా టోపీల మీదా సంతకాలు పెడుతున్నాడు. పొట్టివాడు, వెడల్పయినవాడు, ముక్కు ఉడికించిన బంగాళాదుంపలా ఉంది. వెండెల్ దూరంగా కాఫీ బల్ల దగ్గర నిలబడి ఆ ముక్కునే చూస్తూ ఉండిపోయాడు. 'దీన్ని చూసా ఆర్డిత్ పడిపోయింది?' అనుకుంటే అసూయ ఇంకా రెట్టింపయింది. అందగాడైతే అర్థం చేసుకోవచ్చు. ఈ ముక్కుతో గెలిచాడంటే మనిషిలో ఇంకేదో ఉండి ఉండాలి.

హార్లన్ వరసలో ముందుకు వెళ్ళి కార్డు బల్ల మీద పెట్టాడు. ప్రోకాప్ దాన్ని ఒక్క చూపు చూసి, కలం మూత పెట్టేశాడు. "దీని మీద సంతకం పెట్టను. ఇది నేను కాదు."

హార్లన్ ముఖం మాడిపోయింది. సంతలో అతనికి తెలిసిన అర్థం ఒక్కటే. కార్డు దొంగది. ఎవడో ఇంట్లో అచ్చేసి, సాసేజ్ నూనె రాసి ఉంటాడు. అతను నేరుగా కాఫీ బల్ల దగ్గరికి వచ్చి, హాలంతా వినపడేలా అరిచాడు. "దొంగ కార్డు అంటగడతావట్రా నాకు? ఇన్నేళ్ళ స్నేహితుడికి?"

కార్డులవాళ్ళలో అంతకంటే పెద్ద తిట్టు లేదు. పక్క బల్ల ముసలావిడ తన కార్డుల పెట్టెని వెండెల్‌కి అందకుండా ఒళ్ళోకి లాక్కుంది.

"దొంగదా? ఆ ముద్దు చూశావా, ముద్దు?" వెండెల్ కూడా గొంతు పెంచాడు. "దొంగ కార్డుకి ఎవరైనా ముద్దు పెడతారా?"

"ముద్దేంటి?"

"వెనక్కి తిప్పి చూడరా, ఎప్పుడూ మూలలేనా!" అంటూ వెండెల్ అతని చేతిలోంచి కార్డు లాక్కొని, వరసలో నిలబడ్డవాళ్ళందర్నీ తోసుకుంటూ ప్రోకాప్ బల్ల దగ్గరికి వెళ్ళాడు. ముప్ఫై ఏళ్ళ మంట నోట్లోకి వచ్చేసింది. "నా చోటు లాక్కున్నావ్. సరే, పోనీ అనుకున్నా. నా పెళ్ళాం వంటల డబ్బాలో నీకేం పనయ్యా? ఏం చూసి ముద్దు పెట్టింది నీకు? ఆ ముక్కు చూసా?"

ప్రోకాప్ చేత్తో ముక్కు తడుముకున్నాడు. కోపం రాలేదు సరికదా, అతని కళ్ళల్లో ఒక పాత బాధ కనిపించింది. "నన్ను చూసి కాదు నాయనా. నన్ను చూసి ఎవరూ ముద్దు పెట్టలేదు. అదే కదా నా ఏడుపు!"

"అంటే?"

"ఫోటోలవాడు తారుమారు చేశాడు. నా పేరు వేసి, ఇంకెవడిదో బొమ్మ వేశాడు. మొదటి వారం పొట్లాలు అమ్ముడుపోగానే ఎక్కడెక్కడి ఆడపిల్లలూ నాకు ఉత్తరాలు రాశారు. వెతుక్కుంటూ మైదానానికి వచ్చారు. వచ్చి, నన్ను చూసి, 'ప్రోకాప్ ఎక్కడ?' అనడిగారు. నేనే అంటే నవ్వి వెళ్ళిపోయారు. కంపెనీ వాళ్ళ మీద అరిచి ఆ కార్డు ఆపించాను. అందుకే ఎక్కడా దొరకదు. ఆ బొమ్మలోని వెధవ మీద ముప్ఫై ఏళ్ళుగా కుళ్ళి చస్తున్నా. ఆడింది నేను, అందం వాడిది!"

"ఎవడు వాడు?" అన్నాడు వెండెల్. అసూయ పడటానికి ఇంకో కొత్త మనిషి దొరికాడని అతని గొంతులోనే తెలుస్తోంది.

"ముఖం చూడు" అంది వెనక నుంచి ఒక గొంతు.

ఆర్డిత్. నీలం గౌను, కొత్తగా వంకీలు తిప్పిన జుట్టు, చేతిలో ఖాళీ రేకు డబ్బా. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నా చీటీలన్నీ బల్ల మీద పారబోసి, నా కార్డు పట్టుకొచ్చావ్. నాలుగు మూలలూ చూసుంటావ్. నూనె మరక చూసుంటావ్. ఒక్కసారైనా ముఖం చూశావా?"

వెండెల్ చూశాడు. భూతద్దం లేకుండా, ఉత్త కళ్ళతో చూశాడు. బ్యాటు భుజాన వేసుకొని, టోపీ కింద నల్లటి జుట్టు నుదుటి మీద పడుతుండగా ఒక కుర్రాడు నవ్వుతున్నాడు. ఎడమ చెవి కప్పు పిడిలా బయటికి పొడుచుకొచ్చి ఉంది. వెండెల్ చెయ్యి తనంతట తానే తన ఎడమ చెవి మీదికి వెళ్ళింది.

"ఇది నేను" అన్నాడు. ఆ మూడు రోజుల్లో ఒకసారి ఫోటోలవాడు కుర్రాళ్ళందర్నీ నిలబెట్టి ఫోటోలు తీసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"ఆ ఎండాకాలం నేను సాసేజ్ కంపెనీలో పొట్లాల్లో కార్డులు పెట్టే పని చేశా" అంది ఆర్డిత్. "పొద్దస్తమానం ఇదే ముఖం చూస్తూ. కార్డు ఆపెయ్యమన్న రోజు మిగిలినవి పారేస్తుంటే ఒకటి ఏప్రన్‌లో దాచుకున్నా. చలికాలంలో స్కేటింగ్ హాల్లో నువ్వు ఎదురుపడితే, 'ప్రోకాప్!' అని పిలిచా. ఆ పేరు నా ముందు ఎత్తకు అని ఎంత గొడవ చేశావో గుర్తుందా? మరి ఇంకెలా చెప్పను? రేపు పెళ్ళిరోజుకి ఈయన చేత దీని వెనకాల నిజం రాయించి ఇద్దామనుకున్నా. ఈయన దీని మీద చెయ్యి పెట్టనంటే ఫోన్లో ఎంత బతిమాలానో!"

జీవితమంతా తనకి లేదని ఏడ్చిన కార్డు అయిదు నిమిషాలుగా తన చేతిలోనే ఉంది. కానీ తనది కాదు. హార్లన్ నెమ్మదిగా వచ్చి, రెండు వేళ్ళతో దాన్ని అందుకున్నాడు. "చేయి కలిపాం" అన్నాడు. సిగ్గుపడుతూనే అన్నాడు, కానీ అన్నాడు.

"హార్లన్, అది మా ఆవిడది రా."

"నాది కూడా. అందులోనూ తప్పుగా అచ్చయిన కార్డు. ఇలాంటిది ఇంకెక్కడ దొరుకుతుంది?" హార్లన్ ఒక్క గుటక మింగాడు. "మళ్ళీ మారకం వేసుకుందామంటే వేరే సంగతి. కార్మోడీ ఇస్తావా?"

వరసలో ఉన్నవాళ్ళు మెడలు చాచి చూశారు. ఒకతను "అన్యాయం" అని గొణిగాడుగానీ, తన వంతు వదులుకొని ముందుకు రాలేదు. వెండెల్ ఒకసారి ఆర్డిత్ చేతిలోని ఖాళీ డబ్బా వైపు చూశాడు. చొక్కా లోపలి జేబులోంచి కార్మోడీని తీసి, మూలలు చూసుకోకుండా ఇచ్చేశాడు. చేతులు కలిశాయి. ఆ మధ్యాహ్నం మా ఊళ్ళో అందరికంటే సంతోషంగా ఇంటికి వెళ్ళినవాడు హార్లన్, అందరికంటే తక్కువమంది పలకరించిందీ అతన్నే.

ప్రోకాప్ కలం మూత తీశాడు. ముద్దు పక్కన ఉన్న చోటులో, 'ఇందులో ఉన్నది నేను కాదు, వెండెల్ స్ట్రిక్. చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది' అని రాసి సంతకం పెట్టాడు. ఆ మాట చదివి వెండెల్ ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి అతనితో చేయి కలిపాడు. వదలబుద్ధి కాక చాలాసేపు పట్టుకున్నాడు.

సాయంత్రం వంటగదిలో ఆర్డిత్ చీటీలన్నీ మళ్ళీ వరసలో పెట్టి, కార్డుని రూబార్బ్ పై చీటీ వెనకాలే దాచింది.

"ఇంకా అక్కడెందుకు ఆర్డీ? అసలు మనిషి ఎదురుగా కూర్చొని ఉన్నాడుగా" అన్నాడు వెండెల్, బట్టతల నిమురుకుంటూ.

ఆర్డిత్ కార్డుని మళ్ళీ బయటికి తీసింది. ఒకసారి దాన్నీ, ఒకసారి అతన్నీ చూసింది. "నిజమే" అంది. ఆ తరవాత ఎందుకో మళ్ళీ కార్డు వైపే చూసి, కొంచెం నవ్వి, డబ్బా మూత పెట్టింది.

ఇప్పుడు వెండెల్‌కి ప్రోకాప్ మీద ఏ కోపమూ లేదు. డబ్బా తెరిచి చీటీ తీసుకొని మరీ ఆర్డిత్ 'రూబార్బ్ పై' మాత్రం తెగ తరచుగా చేస్తోందని అతనికి అనుమానంగా ఉంది.